సముద్రం పక్కన బట్టల స్టాండు: ఆర్నెల్ల తర్వాత రివ్యూ

ముందే చెప్తున్నా, ఇది ఫోన్ రివ్యూ కాదు, బట్టలారేసుకునే స్టాండు రివ్యూ. 2025 జూన్‌లో ఆన్‌లైన్‌లో కొన్నాను, 1,899 పడింది. మూడంతస్తులు, కింద నాలుగు చక్రాలు, మడిచి తలుపెనక పెట్టేసుకోవచ్చు, ఫోటో మీద 'ప్యూర్ స్టెయిన్‌లెస్ స్టీల్, తుప్పు పట్టదు' అని ఇంతింత అక్షరాలతో రాసుంది. మేం ఉండేది విశాఖలో, లాసన్స్ బే కాలనీలో, బాల్కనీలోంచి సముద్రం ఓ ముక్క కనిపిస్తుంది (అద్దెలో సగం ఆ ముక్కకే అనుకుంటా). నాదీ మా రూమ్మేటుదీ ఇద్దరిదీ ఋషికొండ ఐటీ హిల్ మీదే ఉద్యోగం, డాబా మీద దండెం ఉందిగానీ మేం ఆఫీసులో ఉండగా వానొస్తే బట్టలు తీసేదెవరు, అందుకే ఇది కొన్నాం.

మొదటి మూణ్ణెల్లు బానే ఉంది, అబద్ధం ఎందుకు. రెండు బకెట్ల బట్టలు ఒకేసారి పడతాయి, తడి జీన్సులు నాలుగేసినా వంగలేదు, ఎండ ఎటుంటే అటు తోసుకోవడమే. ఫైవ్ స్టార్ ఇచ్చేద్దామనుకున్నా.

అక్టోబర్ 12, ఆదివారం. మధురవాడ స్టేడియంలో మన అమ్మాయిలకీ ఆస్ట్రేలియాకీ వరల్డ్ కప్ మ్యాచ్, మేమిద్దరం వెళ్ళాం. మనవాళ్ళు 330 కొట్టేసరికి ఇంక గెలిచినట్టే అని ఫ్యామిలీ గ్రూపులో మెసేజ్ కూడా పెట్టీసేను, తర్వాత వాళ్ళ కెప్టెన్ హీలీ 142 కొట్టి మ్యాచ్ లాక్కెళ్ళిపోయింది, ఆ మెసేజ్ మీద మా బాబాయిలు ఇప్పటికీ ఆడుకుంటున్నారు. వచ్చి చెమటకి ముద్దైపోయిన జెర్సీ ఉతికి స్టాండు మీద వేసి పడుకున్నా. పొద్దున్న తీస్తే భుజం దగ్గర రూపాయి బిళ్ళంత గోధుమరంగు మరక. తుప్పు! వంగి చూస్తే స్క్రూలన్నీ ఎర్రబడిపోయున్నాయి, గొట్టాలు కలిసే చోట పొర లేచిపోయి పెచ్చులు రాలుతున్నాయి.

మా మావయ్య స్టీల్ ప్లాంటులో చేసి రిటైరైనాయన, గాజువాక నుంచి వచ్చినప్పుడు చూపించాను. ఫ్రిజ్ మీదున్న వెంకన్నబాబు అయస్కాంతం తీసి గొట్టానికి పెడితే టక్కున అతుక్కుంది. "ఇది స్టెయిన్‌లెస్ ఏటిరా, ఇనప గొట్టానికి పైన పూత" అన్నారు. అతుక్కోకపోయినంత మాత్రాన మంచిదని నమ్మెయ్యకూడదట, స్టెయిన్‌లెస్‌లోనే చవకరకం, 202 గ్రేడుది కూడా అతుక్కోదు. నిజంగా 304 గ్రేడు అయినా, అంటే 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉన్నదైనా సరే, సముద్రం ఇంత దగ్గరుంటే గాలిలో వచ్చే ఉప్పు దాని పైపొరని కొరికేస్తుంది, మాలిబ్డినం అనే లోహం కలిపిన 316 గ్రేడు అయితే చాలా కాలం ఆగుతుంది కానీ ఆ రేటుకి బట్టల స్టాండు ఎవడు కొంటాడు. ఉక్కు చేసే ఊళ్ళో పుట్టి పెరిగి ఇవన్నీ ఇరవయ్యారేళ్ళకి తెలుసుకోవడం కొంచెం సిగ్గుగానే అనిపించింది.

కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశా. ఫోటోలు పంపమన్నారు, పంపా, రెండ్రోజులకి ఒకావిడ ఫోన్ చేసి "ప్రోడక్టుకి తడి తగలకుండా వాడాలి సర్" అంది. బట్టలారేసే స్టాండుకి తడి తగలకూడదంట! ఆవిడని ఏమంటాం, ఎదురుగా రాసిచ్చింది చదువుతోంది పాపం.

ఈలోగా మొంథా తుఫాను. మన దగ్గర తీరం దాటకపోయినా వాన వదల్లేదు, స్టాండు హాల్లోకి లాగి ఫ్యాన్ వేస్తే రెండో రోజుకీ బనీన్లు ముక్కిన వాసనే. ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి, ఆరకపోవడం స్టాండు తప్పు కాదు. ఉప్పుగాలికి ఆరిన బట్ట కూడా సాయంత్రానికి మళ్ళీ తేమ పీల్చుకుని జిడ్డుగా తయారవుద్ది, అప్పడాల డబ్బా మూత తెరిచుంచి చూడండి మీకే తెలుస్తుంది. ఇలాంటి ఇంటికి వచ్చే నెల నుంచి అద్దె పెంచుతానని ఓనరు గారు, "గూగుల్ వస్తోంది కదా బాబూ" అని. 15 బిలియన్ డాలర్ల డేటా సెంటర్ తర్లువాడ వైపు కడతారుగానీ, దాని భారం మా టూ బీహెచ్‌కే మీద పడింది. సర్వర్లని ఏసీలో పెట్టి చూసుకుంటారు, మా స్టాండు సంగతే ఎవరికీ పట్టదు.

మరకకి మాత్రం కింద పోర్షన్ ఆంటీ మందు చెప్పారు: బ్లీచింగ్ అస్సలు వెయ్యొద్దు ఇంకా ముదురుతుంది, నిమ్మరసం ఉప్పు రాసి ఎండలో పెట్టు అని. ముప్పావు వంతు పోయింది. నవంబర్ 2న ఫైనల్‌కి అదే జెర్సీ వేసుకుని కూర్చున్నా, కప్పు గెలిచాం, ఇప్పుడు మిగిలిన ఆ కాస్త మరక తీయొద్దని మా రూమ్మేటు ఆర్డరు.

నా రేటింగ్ రెండు స్టార్లు, అందులో ఒకటి చక్రాలకే. సముద్రానికి కాస్త దూరంగా సీతమ్మధార, మురళీనగర్ వైపు ఉండేవాళ్ళకి ఇంకొంచెం ఎక్కువ రోజులు రావచ్చు, బీచ్ పక్కనుంటే మాత్రం తీసుకోకండి. తీసేసుకుని ఉంటే వారానికోసారి మంచినీళ్ళతో తుడిచి పొడిగుడ్డ పెట్టండి, స్క్రూల మీద నెయిల్ పాలిష్ రాయండి, మా చెల్లి ఐడియా, ఇప్పటిదాకా పనిచేస్తోంది. మేం పూర్ణామార్కెట్లో 60 రూపాయలకి నైలాన్ తాడు కొని బాల్కనీలో దండెం కట్టీసేం. స్టాండు మీద ఇప్పుడు హెల్మెట్లు, ల్యాప్‌టాప్ బ్యాగులు వేలాడుతున్నాయి, అవి తడిసేవి కావు కాబట్టి వారంటీ కూడా వర్తిస్తుందేమో.