కేయూ క్రాస్ రోడ్డు నెట్ సెంటర్: స్కాలర్‌షిప్ దరఖాస్తు కోసం మూడుసార్లు వెళ్లిన అనుభవం

మా అక్క కూతురు ఈ ఏడాది హనుమకొండలో బీఎస్సీ మొదటి సంవత్సరంలో చేరింది. వాళ్లది పరకాల దగ్గర పల్లె. మా బావ నాలుగెకరాలు కౌలుకు పట్టి పత్తి వేస్తాడు. కాలేజీలో చేరిన వారానికే స్కాలర్‌షిప్ దరఖాస్తు పెట్టించే పని నా మీద పడింది. కేయూ (కాకతీయ విశ్వవిద్యాలయం) క్రాస్ రోడ్డు నుంచి నయీంనగర్ వైపు వెళ్లే దారిలో, ఒక జిరాక్స్ దుకాణం పైన మొదటి అంతస్తులో ఉన్న ఈ నెట్ సెంటరుకు మేమిద్దరం మూడుసార్లు వెళ్లాం. ఆ మూడు రోజుల్లో చూసిందంతా రాస్తే, పిల్లలకు దరఖాస్తు పెట్టించబోయే తల్లిదండ్రులకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

నెట్ సెంటర్ల విషయంలో నాకు ముందునుంచీ భయం ఉంది. 2011లో నేను డిగ్రీ చదువుతున్నప్పుడు, ఇప్పుడు లేని ఒక దుకాణంలో నా బ్యాంకు ఖాతా సంఖ్యలో ఒక అంకె తప్పుగా కొట్టారు. అది నాకు తెలిసేసరికి ఏడాది గడిచిపోయింది. ఆ సంవత్సరం మెస్ బిల్లు కట్టడానికి మా అమ్మ చెవికమ్మలు కుదువ పెట్టింది. ఒక్క అంకె ఎంత బరువు ఉంటుందో తెలిసినవాణ్ణి కనుక, ఈసారి మా మేనకోడలి పక్కనే కూర్చుని ప్రతి గడీ నా కళ్లతో చూడాలని నిశ్చయించుకుని వెళ్లాను.

లోపల నాలుగు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, గోడ పొడవునా రెండు బల్లలు ఉన్నాయి. వెళ్లగానే కంప్యూటరు ముందు కూర్చోబెట్టరు. ముందుగా ఒక అరపేజీ కాగితం చేతికిస్తారు. పదో తరగతి మెమోలో ఉన్న పేరు, ఆధార్‌లో ఉన్న పేరు పక్కపక్కనే రాయాలి. ఆ తరువాత హాల్‌టికెట్ నంబరు, ఆదాయ, కుల ధ్రువపత్రాల నంబర్లు, బ్యాంకు వివరాలు అడుగుతారు. అన్నిటికంటే కింద, మిగతా గడులకంటే పెద్దదిగా, రెండు గీతల ఖాళీ వదిలి ఒక ప్రశ్న ఉంటుంది: ‘ముందుముందు ఏం చదవాలని ఉంది? ఏం పని చేయాలని ఉంది?’ ప్రభుత్వ దరఖాస్తులో ఈ ప్రశ్న లేదు. ఈ సెంటరు నడిపే ఆయన సొంతంగా పెట్టుకున్నది. ఈ దుకాణాన్ని నేను మెచ్చుకోవడానికి ముఖ్యమైన కారణం ఆ రెండు గీతలే.

మా అమ్మాయి ఆ గడిని ఖాళీగా వదిలేసింది. ఆయన కాగితం తీసుకుని చూసి, "ఏమైదామనుకుంటున్నవ్ బిడ్డా? ఇది రాయలేదు" అని అడిగాడు. ఆమె నా వైపు ఒకసారి చూసి, "విత్తనాలు పరీక్ష చేసే ల్యాబ్‌ల పని చెయ్యాలనుంది సార్" అంది. నాకు ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. ఎందుకని ఆయన అడిగితే, మూడేళ్ల కింద వాళ్ల నాన్న వేసిన పత్తి ఏపుగా పెరిగి కాయ పట్టలేదని, అవి నకిలీ విత్తనాలని ఊళ్లో అనుకోవడమే తప్ప నిరూపించినవారు ఎవరూ లేరని చెప్పింది. ఆ ఏడాది మా బావ చేసిన అప్పు ఎంతో నాకు తెలుసు. ఆ నష్టం పిల్ల మనసులో ఇలా ఒక చదువుగా మారిందన్నది మాత్రం మేనమామనైన నేను ఒక నెట్ సెంటరులో బల్ల మీద కూర్చుని తెలుసుకోవలసి వచ్చింది. ఆయన అన్నీ తెలిసినవాడిలా సలహా ఇవ్వలేదు. వ్యవసాయాధికారి ఉద్యోగాలకు వ్యవసాయ డిగ్రీ అడుగుతారని, బీఎస్సీ చదివినవాళ్లు పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాసి ఎమ్మెస్సీ వృక్షశాస్త్రం వైపు వెళ్లవచ్చని, మిగతాది మీ కాలేజీలో వృక్షశాస్త్రం సార్‌ను అడగమని చెప్పి ఊరుకున్నాడు.

ఆమె ఇంటర్ మార్కులు చూశాక ఆయన ఇంకొక సంగతి చెప్పాడు. ఇంటర్ బోర్డులో తన గ్రూపులో పై 20 పర్సెంటైల్‌లో నిలిచి, కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపు ఉన్నవారికి కేంద్ర ప్రభుత్వం డిగ్రీలో ఏటా 12,000 రూపాయలు, పీజీలో 20,000 రూపాయలు ఇస్తుంది. దీనికి జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. ఆ పథకం తీసుకునేవారు రాష్ట్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ తీసుకోకూడదు. దేశం మొత్తం మీద ఏటా కొత్తగా ఇచ్చేవి 82,000 మాత్రమే కనుక, అర్హత ఉన్నా తప్పక వస్తుందన్న భరోసా లేదు. ఇటు రాష్ట్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పోర్టల్ ఈపాస్‌లో ఫీజు కాలేజీకి, నిర్వహణ ఖర్చు విద్యార్థి ఖాతాకు వెళతాయి. రెండింటినీ ఒక కాగితం మీద రాసి చూపించి, ఇంటికి వెళ్లి ఆలోచించుకుని రమ్మన్నాడు. ఆ రోజు ఒక్క రూపాయి తీసుకోలేదు. చేతిలో ఉన్నదాన్ని వదులుకోవడం ఇష్టం లేక మా అమ్మాయి ఈపాస్‌నే ఎంచుకుంది. ఆ ఎంపిక ఆమే చేసుకుంది, కారణం తెలుసుకుని చేసుకుంది. నా చదువుకాలంలో నాకు ఇలా చెప్పినవారు లేరు.

రెండోసారి సోమవారం ఉదయం వెళ్లి రెండు గంటలు కూర్చోవలసి వచ్చింది. ఆ రెండు గంటలు నాకు వృథా అనిపించలేదు. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం ఏర్పడిన నాటినుంచి ఉత్తర తెలంగాణ పల్లెల పిల్లలు ఈ రోడ్డు మీదికి వస్తూనే ఉన్నారు. బయటివాళ్లు వాళ్లందరినీ కలిపి ‘స్కాలర్‌షిప్ పిల్లలు’ అనేస్తారు. ఆ బల్ల మీద నా పక్కన కూర్చున్న ఆరేడుగురిలో ఏ ఇద్దరి కథా ఒకటి కాదు.

ములుగు జిల్లా తాడ్వాయి మండలం నుంచి వచ్చిన ఒక కోయ అబ్బాయి ఎమ్మెస్సీ వృక్షశాస్త్రం చదువుతున్నాడు. ఎండాకాలంలో ఇంటివాళ్లతో కలిసి తునికాకు కోస్తాడట. బెరడు పట్టుకుని చూస్తే చాలు చెట్టు పేరు చెప్పగలనని, అయితే ఆ పేర్లు తనకు ముందు కోయ భాషలో వచ్చాయని, తెలుగు పేర్లు బడిలో, లాటిన్ పేర్లు యూనివర్సిటీలో నేర్చుకున్నానని చెప్పాడు. సంచిలోంచి నోటుపుస్తకం తీసి చూపించాడు. ఒక్కో పేజీలో ఎండిన ఆకు అంటించి, దాని కింద మూడు పేర్లు మూడు వరుసల్లో రాసుకున్నాడు. కొన్ని ఆకుల కింద మొదటి వరుస మాత్రమే నిండి, మిగతా రెండూ ఖాళీగా ఉన్నాయి. ఫారెస్ట్ రేంజ్ ఆఫీసరు కావాలని అతని కోరిక. పీహెచ్‌డీ చేయాలన్న ఆశ కూడా లోపల ఉంది కానీ, ఇంటికి డబ్బు పంపవలసిన వయసులో ఇంకా ఎన్నేళ్లు చదువుతానన్న బెంగ. గిరిజన విద్యార్థుల పరిశోధన కోసం కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ఏటా 750 ఫెలోషిప్‌లు ఇస్తుందని, అవి నెలనెలా వచ్చే భృతి అని సెంటరు ఆయన చెప్పినప్పుడు, ఆ అబ్బాయి ఆ అంకెను తన ఆకుల పుస్తకం అట్ట మీదే రాసుకున్నాడు. అతని చెల్లెలు 2023 చట్టంతో ములుగుకు వచ్చిన సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయంలో చేరిందట. ఇంటి దగ్గరే యూనివర్సిటీ ఉండటం తన తరానికి దక్కలేదని కొంచెం నవ్వుతూ అన్నాడు.

మెట్‌పల్లి వైపు నుంచి వచ్చిన నర్సింగ్ విద్యార్థిని ఒకామె ఉంది. వాళ్లమ్మ బీడీలు చుడుతుంది. బీడీ కార్మికుల పిల్లల చదువుకు కేంద్ర కార్మిక శాఖ వేరుగా స్కాలర్‌షిప్ ఇస్తుందని, తల్లి ఆరు నెలలైనా ఆ పనిలో ఉన్నట్టు కార్డు ఉంటే చాలని ఆ అమ్మాయికి ఆ రోజే తెలిసింది. "మా అమ్మ కార్డు ట్రంకుపెట్టెల ఉంటది అన్నా, అది గీటికి పనికొస్తదని మాకెట్ల తెలుస్తది" అని అక్కడికక్కడే ఫోను చేసింది. రెండు పథకాల్లో ఒకటే తీసుకోవాలన్న షరతు దీనికీ ఉంది. నర్సింగ్ ముగించి గల్ఫ్ వెళ్లనని, గల్ఫ్‌లో ఉన్న తండ్రిని వెనక్కి పిలిపించడానికే చదువుతున్నానని ఆమె స్థిరంగా చెప్పింది.

వరంగల్ కొత్తవాడలో దర్రీలు (నూలు తివాచీలు) నేసే నేతగాడి కూతురు ఎంకాం చదువుతూ, తండ్రి నేసిన సరుకును దళారీ లేకుండా అమ్మాలని చూస్తోంది. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చినా ఆ గుర్తింపు తమ మగ్గం దాకా రాలేదన్నది ఆమె మాట. మండీ బజారు నుంచి వచ్చిన లా విద్యార్థి న్యాయమూర్తి కావాలనుకుంటున్నాడు. భూపాలపల్లి బొగ్గు గనిలో కాంట్రాక్టు కార్మికుడి కొడుకు మాత్రం ఆ కాగితంలోని గడిలో ‘ఇంకా తెలియదు’ అని రాశాడు. సెంటరు ఆయన దాన్ని చూసి, సరే అని తల ఊపి కంప్యూటరు వైపు తిరిగాడు. అలా వదిలేయడం నాకు నచ్చింది.

డోర్నకల్ దగ్గరి తండా నుంచి వచ్చిన యువకుడి పని అన్నిటికంటే చిక్కుగా ఉంది. ప్రజారోగ్యం చదవడానికి ఇంగ్లండు వెళ్లాలని, 20 లక్షల రూపాయల దాకా సాయం చేసే అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధికి దరఖాస్తు పెట్టుకోవాలని వచ్చాడు. బానోతు అన్న ఇంటిపేరు అతని పదో తరగతి మెమోలో చివర ‘యు’ అక్షరంతో ఉంది, ఆధార్‌లో లేదు, పాస్‌పోర్టులో ఇంటిపేరు మొత్తంగా వేరే గడిలోకి పోయింది. తెలుగులో ఒకే పేరు. ఇంగ్లిషులో ముగ్గురు మనుషులయ్యారు. ముందే చూడకుండా పంపి ఉంటే ఎక్కడో ఒక మెట్టులో తిరిగి వచ్చేది. ఆధార్‌లో ఏది మార్చాలో, దానికి ఏ పత్రం చూపాలో ఒక చీటీ మీద వరుసగా రాసి ఇచ్చారు. మా వరంగల్, మహబూబాబాద్ జిల్లాల తండాల పిల్లలకు ఇది ప్రతి ఏటా ఎదురయ్యే కష్టం. దరఖాస్తు నింపే ప్రతివారూ దీన్ని మొదటే చూడాలి.

మా అమ్మాయి పని రెండోసారి కూడా పూర్తి కాలేదు. తప్పు సెంటరుది కాదు. ఆమె పాస్‌బుక్కు ఏపీ గ్రామీణ వికాస్ బ్యాంకుది. ఆ బ్యాంకు తెలంగాణ శాఖలన్నీ 2025 జనవరి 1 నుంచి తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి కనుక, పాత పాస్‌బుక్కు మీది ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ వేయకుండా కొత్తది తెమ్మన్నారు. దానితోపాటు ఆధార్ వెబ్‌సైటులో బ్యాంక్ సీడింగ్ స్థితి, అంటే ఏ ఖాతా ఆధార్‌కు ముడిపడి ఉందో తెరిచి చూపించారు. ఆధార్ నంబరు ఎన్ని ఖాతాలకు ఇచ్చినా, ఆధార్ ఆధారంగా ప్రభుత్వం వేసే డబ్బు చివరగా సీడింగ్ అయిన ఒక్క ఖాతాలోనే పడుతుంది. మా అమ్మాయికి అది ఎనిమిదో తరగతిలో తెరిచిన వేరొక ఖాతాను చూపించింది. ఆ ఖాతా ఉన్నట్టే మేం మరిచిపోయాం. బ్యాంకుకు వెళ్లి అంగీకార పత్రం ఇచ్చి మార్పించుకుని మూడోసారి వెళితే, ఇరవై నిమిషాల్లో పని ముగిసింది. పంపే ముందు స్క్రీనును ఆమె వైపు తిప్పి, ఖాతా సంఖ్యను ఆమెతోనే అంకె అంకెగా చదివించారు. అది విన్నప్పుడు నాకు మా అమ్మ చెవికమ్మలు గుర్తుకొచ్చాయి.

కొత్త దరఖాస్తుకు వంద రూపాయలు, రెన్యువల్‌కు అరవై తీసుకుంటారు. ప్రింట్లకు వేరే. చుట్టుపక్కల కొన్నిచోట్ల ఇంకా తక్కువకే చేస్తారు కానీ, ఆ తేడా చూసుకుని వేరే చోటికి వెళ్లమని నేను ఎవరికీ చెప్పను.

రెండు లోపాలు మాత్రం చెప్పాలి. సెంటరు ఆయన మృదువుగానే మాట్లాడినా, టైపు చేసే కుర్రాడు వివరాలన్నీ పైకి చదువుతాడు. కులం, తండ్రి ఆదాయం, తల్లిదండ్రులు ఉన్నారా లేరా అన్నది బల్ల మీద కూర్చున్న అందరికీ వినిపిస్తుంది. ఒక అమ్మాయి తండ్రి గడి దగ్గర మాట ఆగిపోయి, గొంతు తగ్గించి ‘లేడు’ అనవలసి వచ్చింది. కాగితం మీద రాసి ఇచ్చినదాన్ని మళ్లీ నోటితో చెప్పించాల్సిన పని ఏముంది? రెండోది, పిల్లల లాగిన్ పేర్లు, పాస్‌వర్డులు, ఫోను నంబర్లు ఒక పొడుగు రిజిస్టరులో రాసి బల్ల మీదే తెరిచి ఉంచుతారు. మరిచిపోయి వచ్చేవాళ్లు చాలామంది కనుక రాసుకుంటామని ఆయన అన్నాడు. ఆ కారణం నిజమే కావచ్చు కానీ, అది అందరి చేతికీ అందే చోట ఉండటం ప్రమాదం. రెండోసారి వెళ్లినప్పుడు ఈ మాట ఆయనతో నేరుగా అన్నాను. మూడోసారికి రిజిస్టరు సొరుగులోకి వెళ్లింది, మా అమ్మాయి పాస్‌వర్డు విడి చీటీ మీద రాసి ఆమె చేతికే ఇచ్చారు. పైకి చదవడం మాత్రం ఇంకా అలాగే సాగుతోంది.

వెళ్లేవారు సోమవారం వద్దు, మధ్యాహ్నం రెండు తరువాత రద్దీ తక్కువ. పదో తరగతి మెమో, ఆధార్, మీ సేవలో తీసుకున్న ఆదాయ, కుల ధ్రువపత్రాలు, కాలేజీ ఇచ్చే బోనఫైడ్ పత్రం, కొత్త పాస్‌బుక్కు, ఆధార్‌కు కలిపిన ఫోను వెంట ఉండాలి. ఆన్‌లైన్లో పంపగానే పని అయిపోయిందనుకోవద్దు. ప్రింటు కాలేజీలో ఇచ్చి, వాళ్లు పరిశీలించాక వేలిముద్ర కూడా వేయాలి. హాజరు 75 శాతం తగ్గకుండా చూసుకోవాలి. వీలైతే పిల్లలను ఒంటరిగా పంపకుండా ఇంట్లోవాళ్లు ఒకరు పక్కన కూర్చోండి.

మా అమ్మాయి ఆ అరపేజీ కాగితాన్ని వెనక్కి అడిగి తెచ్చుకుంది. రెండు గీతల మధ్య ‘విత్తన పరీక్ష ల్యాబ్’ అని రాసి ఉన్న ఆ కాగితం ఇప్పుడు పరకాలలో మా అక్క వాళ్ల ఇంట్లో, మా బావ ఎరువుల దుకాణం రసీదులు గుచ్చే తీగకు ఉంది.