కోఠి సందులో ట్యునీషియా జెర్సీ: ఏడో నంబరు బాగానే అంటింది, పేరు దగ్గరే తంటా

ముందే చెప్పేస్తున్నా, మెస్సీ జెర్సీయో రొనాల్డో జెర్సీయో కొనుక్కునేవాళ్ళకి ఈ రివ్యూ పెద్దగా పనికిరాదు. అవి అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కూడా దొరుకుతాయి, సైజు చూసుకుని బేరమాడుకుంటే చాలు. నాకు కావాల్సింది యూసఫ్ ఎమ్సాక్ని అనే ఫుట్‌బాల్ ఆటగాడి జెర్సీ. ఉత్తర ఆఫ్రికాలోని ట్యునీషియా, ఏడో నంబరు, ఎడమ వింగర్, అంటే ఎడమ అంచు నుంచి దాడి చేసేవాడు. ఈ పేరుతో రెడీమేడ్ జెర్సీ మన హైదరాబాద్‌లో ఎవరైనా చూపిస్తే బిర్యానీ నా ఖర్చు. నేనైతే ఆరు షాపులు తిరిగాను. ఒకాయన "ట్యునీషియానా? వాళ్ళు క్రికెట్ ఆడరు కద సార్" అన్నాడు. ఇంకొకాయన ఎర్ర రంగు చూసి తుర్కియే జెర్సీ తెచ్చి నా ముందు పడేశాడు.

అసలు దొరక్కపోవడానికి కారణం ఎమ్సాక్ని కెరీర్‌లోనే ఉంది. 1990లో ట్యునిస్‌లో పుట్టాడు, స్టాద్ ట్యునీజియన్‌లో ఆట నేర్చుకుని 2008లో అక్కడి పెద్ద క్లబ్ ఎస్పెరాన్స్‌కి వెళ్ళాడు. 2011లో ఆ క్లబ్ దేశంలో లీగ్, కప్ రెండూ కొట్టి, పైన ఆఫ్రికా ఛాంపియన్స్ లీగ్ కూడా కొట్టింది. అప్పటికి మనవాడికి ఇరవై ఒకటి. ఇక యూరప్ ఫ్లైట్ ఎక్కడమే తరువాయి అని అందరూ అనుకుంటుంటే 2013 జనవరిలో కతార్‌లోని లెఖ్వియాకి వెళ్ళిపోయాడు, కోటి యూరోలకు పైమాటే అని అప్పటి వార్త. తర్వాత ఆ క్లబ్బే అల్ దుహైల్ అయింది. మధ్యలో 2019లో బెల్జియంలోని యూపెన్ క్లబ్‌కి లోన్ మీద, అంటే అరువు ఆటగాడిగా, కొన్నాళ్ళు వెళ్ళొచ్చాడు, తర్వాత అల్ అరబీ, ఆ తర్వాత మళ్ళీ పాత గూడు ఎస్పెరాన్స్. అంటే వీకెండ్ రాత్రి మనం టీవీ పెట్టుకుని చూసే ఏ లీగ్‌లోనూ ఈ మనిషి లేడు. ఇంక కోఠిలో జెర్సీ ఎక్కడిది?

డబ్బు కోసం వెళ్ళాడని తిట్టేవాళ్ళున్నారు. నేను తిట్టను. మన ఇళ్ళల్లో పిల్లాడు గల్ఫ్‌కి వెళ్తే స్వీట్లు పంచుతాం, ఆయన వెళ్తే మాత్రం కెరీర్ పాడుచేసుకున్నాడంటామా?

సరే, షాపు సంగతి. పేరు రాయను, ఎందుకో ముందుకెళ్తే మీకే తెలుస్తుంది. కోఠిలో స్పోర్ట్స్ షాపులుండే వైపు ఒక సందులో, కింద బ్యాట్లు, ఫుట్‌బాళ్ళు అమ్ముతారు, ఇరుకు మెట్లెక్కితే పైన ప్రింటింగ్. ఒక కటింగ్ మెషీన్, ఒక హీట్ ప్రెస్, ఒక టేబుల్ ఫ్యాన్, గోడ నిండా ఊళ్ళో కాలేజీ టీముల జెర్సీలు. ప్లెయిన్ ఎర్ర డాట్ నిట్ (సన్న చిల్లుల బట్ట) షర్టు 420, వెనక పేరు, నంబరు కలిపి 180. మొత్తం 600. డీటీఎఫ్ ప్రింట్ (ఫిల్మ్ మీద ముద్రించి బట్టకి దించేది) అయితే ఇంకా తక్కువలో అవుతుందన్నాడు కానీ నేను వినైలే (పల్చని ప్లాస్టిక్ షీటులో అక్షరాలు కోసి వేడితో అంటించేది) కావాలన్నాను. డీటీఎఫ్ బొమ్మలకి బాగుంటుంది, ఒక రంగు అక్షరాలకి వినైల్‌లో ఉండే నీటు నాకు అందులో కనబడదు.

ఒరిజినల్‌తో పోల్చొద్దు. 2022 వరల్డ్ కప్‌కి కప్పా కంపెనీ చేసిన ట్యునీషియా జెర్సీ మీద కార్తేజ్ (ఇప్పటి ట్యునిస్ దగ్గరున్న ప్రాచీన నగరం) కాలం నాటి రొమ్ము కవచం డిజైన్ ఉంటుంది, ఆ టీముని కార్తేజ్ గద్దలు అంటారు కాబట్టి అదీ ఇదీ భలే కుదిరాయి. బయటి నుంచి తెప్పించుకుందామంటే షిప్పింగ్, కస్టమ్స్ కలిపి నా సైకిల్ రేటు దాటింది. అందుకే ఈ 600 షర్టు.

ఇప్పుడు తంటా. పేరు ఇంగ్లీషులో ఆరు అక్షరాలు: ఎం, ఎస్, ఏ, కె, ఎన్, ఐ. కాగితం మీద పెద్దగా రాసిచ్చి, వాట్సాప్‌లో కూడా పెట్టి, కిందికెళ్ళి చాయ్ తాగొచ్చేసరికి షర్టు రెడీ. వెనక తిప్పి చూస్తే మస్కాని. మిషన్ దగ్గరున్న కుర్రాడు ఎం పక్కనే ఎస్ చూసి నేనే ఒక అక్షరం మింగేశాననుకున్నాడట, పాపం మంచి మనసుతోనే ఒక ఏ ఎక్కించాడు, అక్కడితో ఆగక కె తర్వాతున్న ఎన్‌కి ముందు ఇంకో ఏ తగిలించి, అసలు ఉన్న ఏ తీసేశాడు. నాతో వచ్చిన ఫ్రెండు అక్కడికక్కడే నాకు బన్ మస్కా అని పేరు పెట్టేశాడు. ఇన్నాళ్ళైంది, వాట్సాప్ గ్రూపులో ఇంకా అదే.

నిజం చెప్పాలంటే నాకు మండింది. ఆర్డర్ రాసిచ్చాక నువ్వెవరివి దిద్దడానికి? అనుమానముంటే ఒక్క ఫోన్ కొట్టొచ్చు, నంబరు చీటీ మీదే ఉంది. అసలు ప్రెస్ చేసే ముందు కటింగ్ అయిన పేరుని కస్టమర్‌కి చూపించడం అనే పద్ధతే ఆ షాపులో లేదు. నా లెక్కలో అదే పెద్ద మైనస్.

కుర్రాడు వేడి చేసి వినైల్ లాగేశాడు. అక్షరాలు వచ్చాయి కానీ జిగురు మచ్చ మిగిలింది, లైటు కింద పెడితే మస్కాని దెయ్యంలాగా కనబడుతోంది. అప్పుడొచ్చాడు ఓనర్ భాయ్, అరవై దాటి ఉంటాయి. షర్టు చూశాడు, కుర్రాడిని చూశాడు, కొత్త షర్టు తీసి "ఇది నా లెక్కల రాసుకో, అన్న దగ్గర పైసల్ తీసుకోకు" అన్నాడు. ఈసారి ఆయనే కూర్చున్నాడు. అక్షరాల మధ్య మిగిలిన వినైల్‌ని ట్వీజర్‌తో ఒక్కొక్కటే పీకుతుంటే కంసాలిలాగా ఉన్నాడు, ఏ మధ్యలోని చిన్న త్రికోణం కూడా శుభ్రంగా లేచింది. ప్రెస్ కింద పెట్టి పదిహేను సెకన్లు, తీసి చల్లారేదాకా ముట్టుకోనివ్వలేదు. "వేడి మీద గుంజితే మూలలు లేస్తయ్" అన్నాడు. కుర్రాడు మొదటిసారి సరిగ్గా అదే చేశాడు.

చల్లారేలోపు అడిగాడు, "ఎవరన్నా ఈయన? మనోళ్ళ పేరులెక్కనే ఉంది."

ఫోన్‌లో 2013 ఆఫ్రికా కప్ (ఆఫ్రికా దేశాల టోర్నీ) గోల్ పెట్టి చూపించాను. రస్టెన్‌బర్గ్‌లో అల్జీరియాతో మ్యాచ్. తొంభై నిమిషాలూ ట్యునీషియా వెనక్కి వెనక్కి వెళ్ళి, చచ్చీచెడీ సున్నా సున్నాతో బయటపడితే చాలు అన్నట్టు ఆడింది. 91వ నిమిషంలో ఎమ్సాక్నికి ఎడమవైపు, బాక్సు బయట, బంతి దొరికింది. లోపలికి ఒక్క అడుగు కోసుకొచ్చి కుడికాలితో తిప్పాడు. బంతి గోల్‌కి అవతల పోతోందనే అనిపిస్తుంది, చివర్లో వంగి దూరపు పైమూలలో దూరింది. వాళ్ళ ఊళ్ళో ఆయన్ని అన్నెమ్స్ అంటారు, ముంగిస లాంటి జంతువు పేరు. ఆ గోల్ చూస్తే పేరు ఎందుకొచ్చిందో తెలుస్తుంది, అంతసేపు కదలకుండా ఉండి ఒక్కసారి దూకాడు.

భాయ్ రెండుసార్లు చూసి, "లెఫ్ట్ అవుటా?" అన్నాడు. ఆ మాట విని ఎన్నేళ్ళయిందో. ఇప్పుడందరూ వింగర్ అంటారు గానీ హైదరాబాద్ పాత ఫుట్‌బాల్ జనానికి అది లెఫ్ట్ అవుటే. అక్కణ్ణుంచి మన సికింద్రాబాద్ అమ్ముగూడ బలరాం దగ్గరికి వెళ్ళిపోయాడు, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఇండియాకి ఆడి హంగరీ మీద, పెరూ మీద గోల్ కొట్టిన తులసీదాస్ బలరాం. "1962 జకార్త ఏషియన్ గేమ్స్‌ల గోల్డ్ కొట్టిండు. ఏడాది తిరగంగనే ఊపిరితిత్తుల బీమారొచ్చి ఆట బంద్" అని ప్రెస్ మూత మీద చెయ్యేశాడు, వాళ్ళ నాన్న చెప్పేవాడట.

నేను 2018 సంగతి చెప్పాను. ట్యునీషియా పన్నెండేళ్ళ తర్వాత వరల్డ్ కప్‌కి క్వాలిఫై అయింది, ఎమ్సాక్నికి ఇరవై ఏడేళ్ళు, సరైన వయసు. ఏప్రిల్‌లో కతార్ లీగ్ మ్యాచ్‌లో మోకాలి లిగమెంట్ తెగింది. జూన్‌లో రష్యాలో టీము ఆయన లేకుండానే ఆడి గ్రూప్ దశలోనే ఇంటికొచ్చేసింది. వరల్డ్ కప్ గడ్డ మీద కాలు పెట్టేసరికి 2022, ముప్పై రెండు. అదీ కతార్‌లోనే, ఇన్నేళ్ళు ఆడిన చోటే. ఆస్ట్రేలియాతో మ్యాచ్ మనకి శనివారం మధ్యాహ్నం మూడున్నరకి వచ్చింది, హాఫ్ టైమ్ ముందు గోల్ ఎదురుగా బంతి వచ్చింది, పక్కకి కొట్టాడు. సోఫాలోంచి లేచిన నేను లేచినట్టే ఉండిపోయాను. ఆ మ్యాచ్ 1-0తో పోయింది, తర్వాత ఫ్రాన్స్‌ని 1-0తో ఓడించినా ముందుకెళ్ళలేకపోయారు. దానికి కొన్ని నెలల ముందే, 2022 జనవరిలో, ఆఫ్రికా కప్‌లో నైజీరియాని ఇంటికి పంపిన గోల్ ఆయనదే, మనకి అర్ధరాత్రి దాటాక. 2024 జనవరిలో ఆడింది ఆయనకి ఎనిమిదో ఆఫ్రికా కప్. అంతకంటే ఎక్కువసార్లు అప్పటికి ఎవరూ ఆడలేదు. ఎనిమిది ఆఫ్రికా కప్‌లంటే ఊరికే కాదు, ఒక్కోసారి ఒక్కో కోచ్, ఒక్కో మోకాలి నొప్పి.

నాణ్యత సంగతికొస్తే, ఇప్పటికి పదకొండు ఉతుకులు అయ్యాయి. తిరగేసి, చన్నీళ్ళలో, ఇస్త్రీ లేకుండా. పేరు చెక్కుచెదరలేదు. ఏడు కింది కొసన గోరంత లేచింది, నాగోల్ టర్ఫ్ మీద ఒకసారి వెల్లకిలా పడ్డాను, దాని పుణ్యమే అనుకుంటా. బట్ట గాలి ఆడుతుంది గానీ ఏప్రిల్ ఎండలో ఎర్ర రంగు చంకల దగ్గర బనియన్‌కి కొంచెం అంటింది. సైజు ఒకటి పెద్దది తీసుకోండి, వాళ్ళ ఎల్ మన ఎం లాగా ఉంది.

ఐదుకి మూడుంబావు ఇస్తా. కుర్రాడు ఒక్కడే అయితే రెండు, భాయ్ చేయి పడితే నాలుగున్నర, సరాసరి అక్కడికొచ్చింది. శుక్రవారం మధ్యాహ్నం వెళ్ళకండి, నమాజు టైముకి షట్టర్ సగం దించుతారు. బండి మెయిన్ రోడ్డు మీదే పెట్టి నడవండి. పేరు మాత్రం ప్రెస్ కింద పెట్టే ముందు పక్కనే నిలబడి అక్షరం అక్షరం చదువుకోండి, చాయ్ తర్వాత.

జిగురు మచ్చ షర్టు పారేస్తాడనుకున్నా. మొన్న ఫ్రెండు షర్టు కోసం వెళ్తే మెట్ల దగ్గర హ్యాంగర్‌కి శాంపిల్‌గా తగిలించి ఉంది. మస్కాని అన్న ఇంటిపేరు ఎవరికైనా ఉంటే 200కి ఇచ్చేస్తాడట.