బ్లూసా, ర్యాపా, హౌసా, సాంబానా? కొత్తగా దిగేవాళ్లకు ఏది మేలు

వినడంతో సరిపెట్టుకోకుండా తామూ ఏదైనా వాయించాలనో పాడాలనో అనుకునేవాళ్లు ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: ఏ సంగీతంతో మొదలుపెట్టాలి? "నీకేది ఇష్టమైతే అదే" అని చాలామంది అనేస్తారు. అది జవాబు కాదు, తప్పించుకోవడం. మొదటి మూడు నెలలూ మీ పక్కన ఎవరుంటారు, తప్పు చేస్తే ఏమవుతుంది, చేతిలో ఏముండాలి అన్నవి ఒక్కో శైలికి ఒక్కోలా ఉంటాయి. ఆ తేడా ఎక్కడిదో తెలియాలంటే అది ఎవరి మధ్య, ఏ అవసరానికి పుట్టిందో చూడాలి.

ముందు ర్యాప్ సంగతి, ఎందుకంటే ఇదే అన్నిటికన్నా సులువని అందరూ అనుకుంటారు. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అనే అపార్ట్‌మెంట్ హాల్లో సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి పార్టీ పెట్టింది. రికార్డులు వేసింది వాళ్ల అన్న, డీజే కూల్ హెర్క్. పాటలో డ్రమ్స్ మాత్రమే మోగే ముక్క రాగానే జనం ఊగిపోతున్నారని అతను గమనించాడు. దాంతో ఒకే రికార్డు రెండు కాపీలు పక్కపక్కన పెట్టి, ఆ ముక్కనే మళ్లీ మళ్లీ తిప్పి పొడిగించాడు. అతను జమైకా నుంచి వచ్చినవాడు, పాట నడుస్తుండగా మైకు పట్టుకుని మాటలు కలపడం అక్కడి అలవాటు. ర్యాప్‌కు ఇల్లయిన హిప్‌హాప్‌కు ఆనాటి నుంచీ కావలసింది ఇంతే: ఎవరో చేసిన రికార్డు, ఒక మైకు, చెప్పడానికి ఏదో ఒకటి.

చిక్కంతా ఆ మూడో దాంట్లోనే ఉంది. ర్యాప్‌లో ఒక చరణం మామూలుగా 16 బార్లు. నాలుగు బీట్లు కలిస్తే ఒక బారు, అంటే మొత్తం 64 బీట్లు. నిమిషానికి 90 బీట్ల నడకలో అది దాదాపు 43 సెకన్లు. తక్కువే అనిపిస్తుంది, సొంత మాటలతో నింపడానికి కూర్చుంటే తెలుస్తుంది. తెలుగులో రాసేవాళ్లకు ఇంకో తిప్పలుంది. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి, క్రియలు ఎక్కువగా ఒకే తోకతో వస్తాయి. వస్తాను, చూస్తాను, రాస్తాను అని వరసపెడితే అంత్యప్రాస దానంతటదే కుదిరిపోతుంది, అందుకే చప్పగా ఉంటుంది. బాగా రాసేవాళ్లు క్రియను పాదం మధ్యలోకి జరిపి, చివర్లో నామవాచకం పెడతారు. ప్రాసను పాదం లోపల కూడా దాస్తారు.

నలుగురూ గుండ్రంగా నిలబడి వంతులవారీగా పాడే సైఫర్‌లో మీ వంతు వచ్చినప్పుడు మాట రాకపోతే దాక్కోవడానికి పక్కన ఇంకో వాయిద్యం ఉండదు. టెన్షన్ మామూలుగా ఉండదు. నోట్‌బుక్ నింపే అలవాటు ముందే ఉన్నవాళ్లకు మాత్రం ఇంతకన్నా మంచి చోటు లేదు. ఇంట్లో సాధనకు ఎవరి బీటైనా, అంటే వెనక మోగే సంగీతమైనా, వాడుకోవచ్చు, బయటికి వదిలేటప్పుడు మాత్రం అనుమతి ఉన్నదే వాడాలి. అనుమతి లేకుండా పాత పాట ముక్కను వాడినందుకు 1991లో న్యూయార్క్ కోర్టు ఒక ర్యాపర్‌కు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. అప్పటి నుంచి ఈ విషయంలో కంపెనీలు గట్టిగానే ఉంటున్నాయి.

డాన్స్ కోసం యంత్రాలతో చేసే హౌస్, టెక్నోల సంగతి క్లుప్తంగా చెప్తాను. షికాగోలో 1977లో తెరిచిన 'వేర్‌హౌస్' అనే క్లబ్‌లో ఫ్రాంకీ నకుల్స్ రికార్డులు వేసేవాడు. అక్కడికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది నల్లజాతి, లాటినో గేలు. హౌస్ అన్న పేరు ఆ క్లబ్ పేరులోంచే వచ్చిందంటారు. డెట్రాయిట్‌లో హువాన్ అట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ టెక్నోకు దారి వేశారు. రోలాండ్ కంపెనీ టీబీ-303 అనే పెట్టెను బేస్ గిటారిస్టు లేని లోటు తీర్చడానికి తయారుచేసింది, అది బొత్తిగా అమ్ముడుపోలేదు. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికిన ఆ పెట్టెల నాబ్‌లను కుర్రాళ్లు ఇష్టమొచ్చినట్టు తిప్పితే పుట్టిన జివ్వుమనే చప్పుడే యాసిడ్ హౌస్.

ఇప్పుడైతే ఆ పెట్టెలు కూడా అక్కర్లేదు, ల్యాప్‌టాప్, హెడ్‌ఫోన్స్ చాలు. తప్పులు ఎవరికీ వినబడవు కూడా. కానీ ఒంటరిగా కూర్చున్నవాళ్లందరూ పడే గొయ్యి ఒకటుంది: 8 బార్ల లూప్, అంటే మళ్లీ మళ్లీ తిరిగే ముక్క, బ్రహ్మాండంగా కుదురుతుంది, రాత్రంతా దాన్నే వింటారు, పాట మాత్రం పూర్తికాదు. నా దగ్గర అలాంటి తోకలేని లూపులు ఓ డజను దాకా ఉన్నాయి. ఇది నాట్యం కోసం పుట్టిన సంగీతం, కాబట్టి ముందు వెళ్లి డాన్స్ చేయండి. కొత్త చప్పుడు ఎన్ని బార్లకు ఒకసారి రావాలో మీ కాళ్లకే అర్థమవుతుంది.

బ్లూస్ దగ్గర నేను కాస్త పక్షపాతిని, ముందే ఒప్పుకుంటున్నా. అమెరికాలోని మిసిసిపీ డెల్టా పత్తిచేలల్లో నల్లజాతి కూలీల పనిపాటలు, చర్చి పాటలు కలిసి ఇది రూపు దిద్దుకుంది. ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు బదులు పలకడం అప్పటి పద్ధతి. ఈనాటికీ గొంతు ఒక మాట అంటే గిటార్ దానికి బదులిస్తుంది. 1943లో మడ్డీ వాటర్స్ డెల్టా వదిలి షికాగో వెళ్లాడు. జనంతో కిక్కిరిసిన బార్లలో మామూలు గిటార్ వినబడక ఎలక్ట్రిక్ గిటార్ పట్టాడు. రాక్ సంగీతం ఆ చప్పుడుకు చాలా బాకీ పడింది.

చాలా బ్లూస్ పాటలకు 12 బార్ల చట్రమే ఆధారం. దీనికి మూడే కార్డులు కావాలి, కార్డు అంటే ఒకేసారి కలిపి మోగించే కొన్ని స్వరాలు. జి కీలో, అంటే జి స్వరాన్ని ఆధారంగా పెట్టుకుంటే, నాలుగు బార్లు జి, రెండు సి, మళ్లీ రెండు జి, ఆపైన డి, సి, జి ఒక్కో బారు, ఆఖరి బారులో డి వాయిస్తే చక్రం మళ్లీ మొదటికొస్తుంది. ఈ ఒక్క మ్యాపు తెలిసినవాళ్లు భాష తెలియని అపరిచితులతో కూడా కూర్చుని వాయించగలరు. అలా అప్పటికప్పుడు కలిసి వాయించే జామ్‌లో మొదటిసారి కూర్చున్నప్పుడు నేను కంగారులో ఒక బారు ముందే సి లోకి దూకేశాను. బేస్ వాయించే పెద్దాయన నావైపు చూసి, తల అడ్డంగా కొంచెం ఊపాడు, అంతే. తీగల మీద అరచెయ్యి పెట్టి ఆపేశాను. అర నిమిషం లోపే మొదటి బారు మళ్లీ వచ్చింది, అక్కడ ఎక్కేశాను. పాట తర్వాత ఎవరూ ఆ ఊసే ఎత్తలేదు. కాకపోతే ఇంతదాకా రావాలంటే ఆ మూడు కార్డులూ తడుముకోకుండా పట్టగలగాలి, వేళ్ల కొసలు కాయలు కాసేదాకా ఓర్చుకోవాలి.

ఆ ఓపిక లేదు, మనుషుల మధ్య మాత్రం ఉండాలి అనుకునేవాళ్లకు సాంబా డ్రమ్ బృందాన్ని మించింది లేదు. సాంబా బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో పెరిగింది. బయియా ప్రాంతం నుంచి వలస వచ్చిన ఆఫ్రికన్ సంతతివాళ్లు దానికి మూలం. తొలి సాంబా స్కూలుగా చెప్పుకునే 'డెయిషా ఫలార్' 1928లో మొదలైంది, ఆ పేరుకు 'మాట్లాడుకోనీ' అని అర్థం. పేరుకు స్కూలే గానీ నిజానికి పేటవాళ్లంతా కలిసే బృందం. వీధిలో నడుస్తూ వాయించే సంగీతం కాబట్టి ఒకరు నాలుగు పనులు చేయక్కర్లేదు. ఒకరికి ఒక డ్రమ్ము, ఒక్క వరస. ఇప్పుడు యూరప్‌లో, జపాన్‌లో కూడా ఇలాంటి బృందాలున్నాయి.

కొత్తవాళ్లు అడగాల్సింది సుర్దో, అంటే పెద్ద డ్రమ్ము. రెండు బీట్ల నడకలో మొదటి సుర్దో రెండో బీటు మీద మోగుతుంది, రెండో సుర్దో మొదటి బీటు మీద. ఈ పేర్ల తికమక తలకెక్కడానికే నాకు రెండు రోజులు పట్టింది. ఒకే దెబ్బ కదా అని తేలిగ్గా తీసుకోకండి, అది జారితే బృందం మొత్తం జారుతుంది. చేతిలో ఇమిడేంత చిన్నగా ఉంది కదా అని టాంబోరిం జోలికి మాత్రం మొదట్లోనే వెళ్లకండి, మణికట్టు తిప్పి కొట్టే దాని దెబ్బకు నెలల సాధన కావాలి.

కాబట్టి చేతిలో ఏ విద్యా లేకపోతే నా ఓటు సుర్దోకే. దగ్గర్లో బృందం లేకపోయినా, గిటార్ కాస్తో కూస్తో వచ్చినా బ్లూస్. రాసే అలవాటుంటే ర్యాప్. అర్ధరాత్రి తప్ప తీరిక దొరకనివాళ్లకు హౌస్. బృందాన్ని ఎంచుకునే ముందు ఒక సాయంత్రం వాళ్ల రిహార్సల్‌లో ఓ మూల కూర్చుని చూడండి. కొత్తవాళ్లు తప్పు వాయించినప్పుడు మిగతావాళ్ల మొహాలు ఎలా ఉన్నాయో గమనించండి. సాంబా వాళ్ల దగ్గరికైతే చెవుల్లో పెట్టుకునే ఇయర్‌ప్లగ్స్ మర్చిపోవద్దు.