కీమోతో పాటు అందే కౌన్సెలింగ్: నమ్మకాన్ని గౌరవించే సేవ

రాజమహేంద్రవరంలో మా అమ్మ రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స పొందుతున్న ఆసుపత్రిలో, కీమోథెరపీకి వచ్చేవారి కోసం ఒక కౌన్సెలింగ్ విభాగం ఉంది. ఆ సేవ నాణ్యత గురించే ఈ సమీక్ష.

మొదటి రోజు అమ్మ చేతికి 0 నుంచి 10 వరకు అంకెలున్న థర్మామీటర్ బొమ్మ ఇచ్చి, వారం రోజులుగా మనసు ఎంత కలత పడిందో గుర్తించమన్నారు. ‘డిస్ట్రెస్ థర్మామీటర్’ అనే ఈ కొలతలో 4 లేదా అంతకు మించి వస్తే వివరంగా మాట్లాడతారు. అమ్మ 7 దగ్గర గీత పెట్టింది. కింద సమస్యల జాబితాలో నిద్ర, నొప్పి, డబ్బుతో పాటు దైవ విశ్వాసం ప్రస్తావన కూడా ఉంది. అక్కడికి వచ్చేసరికి అమ్మ ఆగిపోయి, "ఏ జన్మలో చేసుకున్న పాపమో" అంది. పలకరించడానికి వచ్చిన బంధువులు అని వెళ్లిన మాటే అది. కౌన్సెలర్ గారు దాన్ని కొట్టిపారేయలేదు, వేదాంతమూ చెప్పలేదు. "వెంకన్న శిక్షిస్తున్నాడని మీకే అనిపిస్తోందా అమ్మా, నలుగురూ అలా అన్నందుకు భయం పట్టుకుందా?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఓపిగ్గా కూర్చున్నారు. భక్తి ఒకరికి ధైర్యమైతే మరొకరికి అపరాధ భావమవుతుందని మనస్తత్వవేత్త కెన్నెత్ పార్గమెంట్ ఏనాడో వివరించారు. ఆ తేడాను రోగి నోటి నుంచే రాబట్టగలగడం ఈ సేవలోని అసలైన విలువ అని నా అభిప్రాయం.

అమ్మకు వాడపల్లి వెంకన్న గుడికి ఏడు శనివారాలు వెళ్లే మొక్కు ఉంది. కీమో ఇచ్చాక సాధారణంగా 7 నుంచి 14 రోజుల మధ్య తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి కనుక ఆ రద్దీలోకి వెళితే ఇన్ఫెక్షన్ ప్రమాదం. కౌన్సెలర్ గారు మొక్కు మానమనలేదు. డాక్టరుతో మాట్లాడి, కణాల సంఖ్య కోలుకున్నాకే గుడికి వెళ్లమని, అప్పటివరకు ఇంట్లోనే గోవింద నామాలు చదువుకోమని, ఉపవాసం మాత్రం వద్దని చెప్పారు. జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ లేదా అంతకు మించి ఉంటే శనివారమైనా సరే నేరుగా ఆసుపత్రికే రావాలని నాతో గట్టిగా అన్నారు. పక్క మంచం మీది క్రైస్తవ సోదరిని కూడా అదే గౌరవంతో అడిగి, ఆమె పాస్టరు గారితో ఫోనులో ప్రార్థన చేయించారు.

లోపాలు లేకపోలేదు. కౌన్సెలర్ ఒక్కరే కావడంతో చాలాసేపు వేచి ఉండాలి. ఫారంలోని తెలుగు మా కోనసీమ పెద్దవాళ్లకు అర్థం కాదు, ఎవరైనా చదివి చెప్పాల్సిందే. పైగా ఈ సేవ ఉందని ముందుగా ఎవరూ చెప్పరు కాబట్టి, మొదటి కీమో రోజునే నర్సును అడిగి పేరు రాయించుకోండి.