స్క్వూష్: ఫొటో సైజు తగ్గిస్తే ఏం పోతుందో చూపించే టూల్

ఫొటో సైజు తగ్గించే సైట్లకు కొదవ లేదు. పెద్ద ఫైల్ ఇస్తే చిన్నది చేతికొస్తుంది, మధ్యలో ఏం పోయిందో మాత్రం తెలియదు. గూగుల్ క్రోమ్ ల్యాబ్స్ 2018లో తెచ్చిన స్క్వూష్ మంచి టూల్ అనడానికి కారణం అదే: పోయింది కంటికి కనిపిస్తుంది. తెర మధ్యలో ఒక గీత ఉంటుంది. ఎడమవైపు అసలు ఫొటో, కుడివైపు కుదించినది. గీత జరుపుతూ పోల్చుకోవచ్చు. పనంతా బ్రౌజర్‌లోనే జరుగుతుంది, ఫొటో ఏ సర్వర్‌కీ వెళ్లదు.

మామూలు ఫొటోలకు అందులోని మోజ్‌జేపెగ్ (జేపెగ్ ఫైల్‌ను ఇంకా చిన్నగా చేసే పద్ధతి) చాలు. క్వాలిటీ మొదట 75 ఉంటుంది, చాలావాటికి దాన్ని కదపక్కర్లేదు. బాగా దించితే ఆకాశం, ఖాళీ గోడ లాంటి చోట్ల గళ్లు తేలతాయి. జేపెగ్ బొమ్మను 8×8 పిక్సెళ్ల గళ్లుగా విడదీసి, ఏ గడికా గడి సన్నని వివరాలను తగ్గిస్తుంది. పక్కపక్క గళ్లకు పొంతన కుదరక అంచులు బయటపడతాయి. ఫలితాన్ని 100 శాతం జూమ్‌లోనే చూడండి. 400లో చూస్తే ఏ సెట్టింగూ నచ్చదు.

ఎర్రటి అక్షరాల అంచులు అలుక్కుపోయాయంటే సాధారణంగా అది రంగు సమాచారాన్ని అడ్డంగా, నిలువుగా సగానికి తగ్గించడం వల్ల. అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ఆటో సబ్‌శాంపుల్ క్రోమా టిక్ తీసి, కింద విలువ 1 పెడితే సరవుతుంది. లాసీ వెబ్‌పీలో (కొన్ని వివరాలు వదిలేసి కుదించే వెబ్‌పీ ఫార్మాట్‌లో) ఈ వెసులుబాటు లేదు, అది ఎప్పుడూ 4:2:0 పద్ధతిలోనే, అంటే రంగును ఇలా సగానికి తగ్గించే దాస్తుంది. అసలు స్క్రీన్‌షాట్లకు, లోగోలకు జేపెగ్ వాడకపోవడమే మేలు. ఆక్సీపీఎన్‌జీ (పీఎన్‌జీ ఫైల్‌ను కుదించేది) గానీ, లాస్‌లెస్ (ఏ వివరమూ పోనివ్వని) టిక్ పెట్టిన వెబ్‌పీ గానీ తీసుకోండి. రంగులు కొద్దిగానే ఉంటే రెడ్యూస్ పాలెట్ ఆన్ చేసి 256 లేదా అంతకన్నా తక్కువకు దించండి, సైజు బాగా పడిపోతుంది. ఒక రంగు మెల్లగా మరో రంగులోకి మారే బొమ్మలో మాత్రం చారలు పడతాయి.

ఏవిఫ్ అనే ఫార్మాట్ ఇంకా చిన్న ఫైల్ ఇస్తుంది. కానీ ఎన్‌కోడింగ్ (ఫైల్ తయారవడం) నెమ్మది. క్వాలిటీ మరీ దించితే గళ్లు అంతగా రావు గానీ చర్మం, బట్టల నేత నున్నగా మారిపోతాయి.

లోపాలూ ఉన్నాయి. ఒకసారికి ఒకే ఫొటో. వంద ఫొటోలుంటే ఇది పనికిరాదు. ఎగ్జిఫ్ సమాచారం (ఫొటో గురించి ఫైల్‌లోనే దాగి ఉండే వివరాలు) మొత్తం పోతుంది. లొకేషన్ చెరిగిపోవడం మంచిదే, తీసిన తేదీ, కాపీరైట్ వివరాలూ దాంతోపాటే పోతాయి. కాబట్టి ఒరిజినల్ చెరపకండి. మళ్లీ కుదించాల్సివస్తే దాని నుంచే మొదలుపెట్టండి. దెబ్బతిన్న జేపెగ్‌ను పీఎన్‌జీగా మార్చితే పోయిన వివరాలు తిరిగి రావు, ఫైల్ మాత్రం పెరుగుతుంది.