లంబసింగికి ఫోన్ వెదర్ యాప్: ఐదుకు రెండు స్టార్లే

ఫోన్‌తో వచ్చే వెదర్ యాప్ విజయవాడకు బాగానే పనికొస్తుంది. లంబసింగి చలికి మాత్రం నమ్మొద్దు. ఇలాంటి యాప్‌లు ప్రపంచ మోడళ్లను, అంటే భూమిని గడులుగా విడగొట్టి వాతావరణం లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాములను వాడతాయి. వాటిలో ఒక్కో గడి వెడల్పు దాదాపు 9 నుంచి 13 కి.మీ. ఉంటుంది. ఆ గడిలోని కొండ, లోయ, ఘాట్ దిగువ అన్నీ కలిపి ఒకే సగటు ఎత్తు తీసుకుంటాయి. కిలోమీటరు ఎత్తుకు ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి, ఎత్తులో 500 మీటర్లు తప్పితే చలిలో 3 డిగ్రీలు తప్పినట్టే. డిసెంబరు, జనవరి రాత్రుల్లో మబ్బు, గాలి లేకపోతే చల్లగాలి లోయలోకి జారి నిలిచిపోతుంది. అప్పుడు ఈ లెక్కా సరిపోదు. బయల్దేరేముందు దగ్గర్లోని చింతపల్లి వ్యవసాయ పరిశోధన స్థానంలో నమోదైన కనిష్ఠ ఉష్ణోగ్రత చూడండి. యాప్ పొగమంచు చూపకపోయినా, తెల్లవారకముందే ఘాట్ ఎక్కొద్దు.