ఇంటి నంబరును తేదీ చేసేస్తే: ఎక్సెల్, షీట్స్, కాల్క్‌లో ఏది మేలు?

ఎక్సెల్ గడిలో ఇంటి నంబరు 5-8 అని కొట్టి ఎంటర్ నొక్కండి. ఆగస్టు 5 అయి కూర్చుంటుంది. సర్వే నంబరు 12/3 అయితే మార్చి 12. తప్పు గమనించి ఆ గడిని టెక్స్ట్ రకం (కొట్టింది కొట్టినట్టే ఉంచేది)లోకి మార్చినా పాత నంబరు తిరిగి రాదు. ఆ 12/3ని 2024లో కొట్టి ఉంటే 45363 అని కనబడుతుంది. 1900 నుంచి ఆ తేదీ దాకా గడిచిన రోజుల లెక్క అది! పన్ను జాబితాలో అలాంటి అంకెలు చూసి మా ఆఫీసులో ఒకాయన అవి బకాయిలనుకున్నారు.

బ్యాంకు వివరాలతో ఇంకా టెన్షన్. ఖాతా నంబరు ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. 16 అంకెల కార్డు నంబరు కొడితే చివరి అంకె సున్నా అవుతుంది, ఎందుకంటే ఎక్సెల్ 15 అంకెల వరకే గుర్తుపెట్టుకుంటుంది. పోయిన అంకెను మళ్లీ కాగితం చూసి కొట్టుకోవాల్సిందే.

ఈ తేదీల పిచ్చి మనొక్కరి బాధే కాదు. SEPT1, MARCH1 లాంటి జన్యువుల పేర్లు తేదీలైపోతుంటే, 2020లో శాస్త్రవేత్తలు ఏకంగా ఆ పేర్లే మార్చుకున్నారు. 2023లో మైక్రోసాఫ్ట్ ఈ మార్పిడిని ఆపుకునే సెట్టింగులు ఇచ్చింది. సున్నాలకు, పొడుగు నంబర్లకు అవి పనికొస్తాయి. తేదీల విషయంలో మాత్రం అక్షరాలూ అంకెలూ కలిసిపోయిన వాటికే. గీతలూ డ్యాష్‌లూ ఉన్న మన నంబర్లకు ఆ భాగ్యం లేదు.

గూగుల్ షీట్స్ కూడా 12/3ని తేదీగానే తీసుకుంటుంది. ఫైలు ఎక్కించేటప్పుడు మాత్రం అంకెలుగా, తేదీలుగా మార్చాలా వద్దా అనే టిక్కు ఒకటి ఉంటుంది. అది తీసేస్తే చాలు. నలుగురూ ఒకే షీటులో పని చేయాలంటే దీన్ని మించింది లేదు, నెట్ ఉన్నంతసేపు.

నా ఓటు ఎక్సెల్ లాంటిదే అయిన లిబ్రేఆఫీస్ కాల్క్‌కి. ఉచితం కాబట్టి కాదు. పోర్టల్ నుంచి దించుకున్న సీఎస్‌వీ ఫైలు (కామాలతో విడదీసిన సాదా జాబితా) తెరవగానే ముందు ఒక పెట్టె చూపించి, ఏ నిలువు వరుసను టెక్స్ట్‌గా ఉంచాలో అడుగుతుంది. అక్షరాల ఎన్‌కోడింగ్, అంటే ఫైలులో అక్షరాలను రాసిపెట్టిన పద్ధతి, కూడా అక్కడే ఎంచుకోవచ్చు. అదే ఫైలును ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేస్తే తెలుగు పేర్లు చాలాసార్లు పిచ్చి గుర్తులుగా కనబడతాయి. ఎక్సెల్‌లోనూ డేటా మెనూ నుంచి ఫైలు తెచ్చుకుంటే ఇవన్నీ సరిచేసుకోవచ్చు. కానీ హడావిడిలో అటు వెళ్లేదెవరు?

చేత్తో ఎక్కించే పనైతే మూడింటిలో పెద్ద తేడా లేదు. నంబర్లు కొట్టే నిలువు వరుస మొత్తాన్ని ముందే టెక్స్ట్‌గా మార్చుకోవాలి, లేదా నంబరుకు ముందు ఒక కొటేషన్ గుర్తు (') పెట్టాలి. పైఆఫీసు అడిగేది ఎక్సెల్ ఫైలే కాబట్టి, నేను కాల్క్‌లో తెరిచి, సరిచూసి, ఎక్సెల్ ఫైలుగా సేవ్ చేసి పంపిస్తున్నాను. అక్కడ తెరిచినవాళ్లు ఆ వరుసను టెక్స్ట్ నుంచి వేరే రకానికి మార్చి, ఇంటి నంబరు మళ్లీ టైప్ చేయకపోతే చాలు.